వీధిగదిలో మైదానం

మన దేశంలో మైదానాలు రెండు రకాలు. ఆడడానికి వీల్లేనివి కొన్ని, ఆడడానికి ఇంకా అనుమతి రానివి కొన్ని. ఈ సంగతి లోవరాజుకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఎందుకంటే అతను జిల్లా క్రీడాధికారి కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటు. ఉద్యోగంలో చేరాక అతను బంతిని ముట్టుకున్న పాపాన పోలేదు. ఆ ఆఫీసులో ఎవరూ ముట్టుకోరు. బంతులు బీరువాలో ఉంటాయి, బీరువా తాళం పెద్దసారు దగ్గర ఉంటుంది, పెద్దసారు క్యాంపులో ఉంటారు.

లోవరాజుకి ప్రాణస్నేహితుడు భద్రం. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల పేరుమోసిన వాలీబాల్ ఆటగాడు. వాడు గాల్లోకి లేచి కొట్టాడంటే అవతలి జట్టువాళ్లు బంతి సంగతి వదిలేసి ముందు తమ పళ్లు లెక్కచూసుకునేవారు. అలాంటి మనిషిని ఒక గొయ్యి కూలదోసింది. పురపాలక మైదానంలో స్టేడియం కడతామని ఒక ప్రభుత్వం శిలాఫలకం పాతింది. తర్వాత వచ్చిన ప్రభుత్వం ఆ పేర్లు నచ్చక శిలాఫలకాన్ని పెకలించింది. స్టేడియం రాలేదు కాని గొయ్యి మాత్రం చెక్కుచెదరకుండా ఉండిపోయింది. ఒకరోజు మైదానం గేటు బయట ఆడుతుంటే బంతి లోపల పడింది, దాని కోసం గోడ దూకి భద్రం ఆ గొయ్యిలో పడ్డాడు. మోకాలు చితికిపోయింది. వాణ్ణి ఆసుపత్రికి మోసుకెళ్లే హడావిడిలో ఆ బంతి ఏమైందో ఎవరూ చూడలేదు.

అప్పట్నుంచి భద్రం తన ఇంటి వీధిగదిలో, కుర్చీలో కూర్చుని, కాలు పీట మీద పెట్టుకుని, వీధిలో వెళ్లేవాళ్ల నడకలో తప్పులు ఎంచుతూ బతుకుతున్నాడు. వాడి భార్య సత్యవేణి అదే గదిలో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. ఒకరోజు ఆవిడ లోవరాజుని గుమ్మంలోనే పట్టుకుంది.

“అన్నయ్యగారూ, మీకు పుణ్యం ఉంటాది. ఈయన్ని ఏదో ఒక పన్లో పెట్టండి. రోజంతా నా కుట్టు మీద తీర్పులు చెప్తన్నారు. నిన్న ఎవరిదో జాకెట్టు చెయ్యి చూసి ‘ఫౌలు’ అన్నారు. అప్పటికి ఆవిడ ఇంకా ఇక్కడే ఉంది, ఏమనుకుందో ఏంటో.”

ఆ పని దొరకడానికి ఎక్కువకాలం పట్టలేదు. మేనల్లుడు వదిలిపోయిన పాత ఫోన్లో భద్రం ఏదో తుపాకుల ఆట మొదలెట్టాడు. కాలు పోయినా చేతులు పోలేదు కదా. వాడి వేళ్లలో ఆ పాత స్మాషు ఇంకా ఉంది. చూస్తుండగానే ఊళ్లో కుర్రకారునంతా ఓడించి పారేశాడు. కాకపోతే ఆ ఫోను ఆట మధ్యలో అట్లపెనంలా కాలేది. తడిగుడ్డ చుట్టుకుని ఆడేవాడు.

“ఒరే లోవా, ఇలాంటి ఆటలకి ఇప్పుడు రాష్ట్రం పోటీలు పెడతన్నారంటరా. మీ డిపార్టుమెంటే. ఫోన్లో కుదరదంట, మంచి కంప్యూటరు ఉండాలంట,” అన్నాడు భద్రం. అని, మళ్లీ తనే, “మనకెందుకులే,” అన్నాడు. ఆ ‘మనకెందుకులే’ లోవరాజు గుండెలో ముల్లులా దిగింది. వాలీబాల్ రోజుల్లో భద్రం నోట ఆ మాట అతనెప్పుడూ వినలేదు.

“కొంటే మన వల్ల కాదు గానీ, కూరుద్దాంరా. ముక్కలు ముక్కలుగా తెచ్చి నేనే బిగిస్తాను,” అన్నాడు లోవరాజు.

అతనికి కంప్యూటరు బిగించడం రాదు. ఆ సంగతి అతనూ దాచలేదు. రాత్రిళ్లు వీడియోలు చూశాడు, పగలు ముక్కల కోసం తిరిగాడు. మూతపడ్డ ఇంటర్నెట్టు సెంటరు నుంచి పాత క్యాబినెట్ తెచ్చాడు. దాని తలుపు మీద ఇంకా ‘పది నిమిషాలకు మించి కూర్చోరాదు’ అన్న కాగితం అతికించి ఉంది. అన్నిటికన్నా ఖరీదైనది గ్రాఫిక్స్ కార్డు. బొమ్మలు తడబడకుండా పరుగెత్తాలంటే అదే ముఖ్యం. కొత్తది కొనాలంటే కళ్లు తిరిగాయి. చివరికి పెళ్లి ఆల్బములు తయారుచేసే ఒక ఫోటో స్టూడియోవాడు తన పాత కార్డు ఇచ్చాడు. ఎన్నో జంటల్ని ఊరు కదలకుండానే మంచుకొండల్లో నిలబెట్టిన కార్డు అది.

“చేతివాసి మంచిదండి. దీంట్లో చేసిన పెళ్లిళ్లన్నీ నిలబడ్డాయి,” అని హామీ ఇచ్చాడు స్టూడియోవాడు.

బిగింపు వీధిగదిలోనే జరిగింది. మరలు తిప్పడానికి సత్యవేణి మిషను స్క్రూడ్రైవరు, కిరకిరమనే ఫ్యానుకి మిషను నూనె. భద్రం కుర్చీలోంచి కోచింగు ఇచ్చాడు. అంతా అయ్యాక లోవరాజు అరచేతిలో కొన్ని మరలు మిగిలాయి.

“ఇవెక్కడివిరా?” అన్నాడు భద్రం అనుమానంగా.

“స్పేరు.”

“నా మోకాలికి ఆపరేషన్ చేసిన డాక్టరు కూడా ఇలాగే అన్నాడు.”

మీట నొక్కితే ఫ్యాన్లు తిరిగాయి. క్యాబినెట్‌లోంచి నీలం దీపం వెలిగింది. భద్రం మొదట్లో మౌసుని రోకలిలా పట్టుకున్నా కాసేపటికే దారిలో పడ్డాడు. తొలి ఆట నెగ్గిన క్షణంలో వాడు తనకి తెలియకుండానే ఒంటికాలి మీద లేచి నిలబడి చెయ్యి పైకెత్తాడు. సత్యవేణి మిషను ఆపేసింది. లోవరాజు కళ్లు చెమర్చాయి. ఎన్నాళ్లయింది వాణ్ణి అలా చూసి!

కథ ఇక్కడితో అయిపోవాలి. అయిపోయేదే, మధ్యలో ఒక సర్క్యులరు రాకపోతే.

*

ఆ రోజుల్లో రాష్ట్ర కార్యాలయానికి ఎలక్ట్రానిక్ క్రీడల మీద విపరీతమైన ప్రేమ పుట్టుకొచ్చింది. ‘ఇంటింటా ఒక ఎలక్ట్రానిక్ క్రీడాకారుడు’ అన్న నినాదం గోడల మీదికెక్కింది. పోటీలకి తేదీ కూడా ఖాయం చేశారు. ఎవరి ఊళ్లో వాళ్లు కూర్చుని ఇంటర్నెట్టులోనే ఆడవచ్చు. ఒకటే షరతు. క్రీడ అన్నాక మైదానం ఉండాలి కాబట్టి, గుర్తింపు పొందిన మైదానం నుంచి ఆడేవారినే అనుమతిస్తారు. ఎలక్ట్రానిక్ మైదానాలకి నిబంధనలు ఇంకా తయారు కాలేదు కాబట్టి, అవి తయారయ్యేవరకు మామూలు మైదానాల నిబంధనలే వర్తిస్తాయి.

మన ఆఫీసే కదా, ఒక్క సంతకమే కదా అనుకున్నాడు లోవరాజు. భద్రం కంప్యూటరుని మైదానంగా గుర్తించాలని తనే దరఖాస్తు రాసి, తనే ఆఫీసులో పెట్టాడు. కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే.

జిల్లా క్రీడాధికారి కోదండపాణి గారు మంచి మనిషి. ఆయన ఎవరినీ ఏమీ అనరు. అసలు ఆయన వాక్యాల్లో మనుషులే ఉండరు, పనులు వాటంతటవే జరిగిపోతుంటాయి.

“లోవరాజూ, తమరి దరఖాస్తు పరిశీలించబడింది. మైదానం ఒక గజం పొడవు ఉన్నట్టుగా చూపబడింది. ఎకరం అని రాయబోయి గజం అని రాయబడిందా?”

“లేదండి. బల్ల మీద పెట్టామండి.”

“మైదానం బల్ల మీద పెట్టబడిందా?”

“అవునండి.”

కోదండపాణి గారు కళ్లజోడు తీసి తుడిచి, నిబంధనల పుస్తకం తిరగేశారు. చాలాసేపు తిరగేశారు.

“మైదానం బల్ల మీద ఉండరాదని ఎక్కడా చెప్పబడలేదు. కాబట్టి ఉండవచ్చును. స్థల తనిఖీ చేయబడుతుంది,” అన్నారు.

తనిఖీకి ఆయనతోపాటు ఇంజినీరు త్రినాథరావు గారు వచ్చారు. ఆయన జీవితమంతా మురుగుకాలవలు కొలిచిన మనిషి. గదిలోకి వస్తూనే టేపు తీసి కీబోర్డు కొలిచారు. కంప్యూటరు మూత తెరిపించి లోపలికి తొంగిచూశారు.

“నేల పచ్చగా ఉంది. గడ్డి బాగానే ఎదిగినట్టుంది,” అన్నారు మదర్‌బోర్డుని చూసి.

“అది బోర్డండి. రంగే అంత,” అన్నాడు లోవరాజు.

“రంగు వేసేశారా? మా అంచనా లేకుండా రంగెలా వేస్తారండీ?” అని త్రినాథరావు గారు నొచ్చుకున్నారు. “సరే, మురుగు పారుదల ఏదీ? వాన పడితే నీళ్లు ఎటు పోతాయి?”

“కంప్యూటరు మీద వాన పడదండి. పైన ఇంటి కప్పు ఉంది కదండి.”

“ఇప్పటిదాకా పడలేదని ఇకముందు పడదంటే ఎలాగండి? వాలు ఉండి తీరాలి.”

పెరట్లోంచి ఇటుక తెప్పించి బల్లకి రెండు కాళ్ల కింద పెట్టించారు. మైదానం తూర్పుకి వాలింది. దానితోపాటు మానిటరూ వాలింది. భద్రం మెడ కూడా ఆ రోజు నుంచీ తూర్పుకే వాలింది. తరువాత మట్టి పరీక్ష. మట్టి లేదని లోవరాజు మొత్తుకుంటే, పెళ్లిళ్ల కార్డు ఫ్యానులో పేరుకున్న దుమ్ము దులిపి పొట్లం కట్టుకుపోయారు. కొన్నాళ్లకి నివేదిక వచ్చింది. ఆ నేల వేరుశనగకి అనుకూలమట.

అసలు చిక్కు ఆటగాడి దగ్గర వచ్చింది. కోదండపాణి గారు చేతులు వెనక్కి కట్టుకుని భద్రం చుట్టూ తిరిగారు.

“ఆటగాడు ఎక్కడ ఉండబడుతున్నాడు?”

“ఇదుగోనండి, కుర్చీలో,” అన్నాడు భద్రం.

“కుర్చీ మైదానం బయట ఉంది. మైదానం హద్దు బల్ల అంచుతో ముగించబడింది. గీత బయట నిలబడి ఆడిన ఆటగాడు ఔటుగా పరిగణించబడతాడు. తమరు ఇప్పటిదాకా ఆడిన ఆటలన్నీ ఔటే.”

“బల్ల మీదెక్కి కూర్చోమంటారేంటండి?”

“అది ఆటగాడి సౌకర్యానికి వదిలివేయబడుతుంది.”

లోవరాజు ఆయన కాళ్లావేళ్లా పడ్డాడు. చాలాసేపు ఆలోచించి ఆయన దయతలిచారు. బల్ల మాత్రమే కాకుండా వీధిగది మొత్తాన్నీ మైదానంగా ప్రకటించారు. భద్రం సంతోషించాడు. సత్యవేణి మాత్రం వంటింటి గుమ్మంలోంచి అనుమానంగా చూసింది. ఆడవాళ్లకి కొన్ని ముందే తెలుస్తాయి.

మైదానంలో వ్యాపారసంస్థ ఉండరాదు. కాబట్టి కుట్టుమిషను వంటింట్లోకి పోయింది. మైదానంలో ఎవరూ నివసించరాదు. కాబట్టి మంచమూ పోయింది. ప్రేక్షకులకి గ్యాలరీ ఉండాలి. కాబట్టి వంటిల్లు గ్యాలరీ అయింది. అందులో నివసించే సత్యవేణి ప్రేక్షకురాలయింది. ఆవిడ వంట చేసుకోవచ్చు గాని, ఆట జరిగేటప్పుడు మైదానంలోకి అప్పడాలకర్ర లాంటి వస్తువులు విసరరాదని మౌఖికంగా హెచ్చరించారు. స్త్రీ పురుషులకి వేర్వేరు మరుగుదొడ్లు ఉండాలి. ఆ ఇంట్లో ఉన్నది ఒక్కటే. తలుపు మధ్యలో నిలువుగా గీత గీసి ఒక సగం మీద ‘స్త్రీలు’ అనీ, రెండో సగం మీద ‘పురుషులు’ అనీ రాయించారు.

“పశువులు రాకుండా ఇనుప జాలీ వేయించాలి,” అన్నారు త్రినాథరావు గారు.

“మా ఇంట్లో పశువులు లేవండి,” అంది సత్యవేణి.

“అందరూ మొదట్లో అలాగే అంటారమ్మా.”

జాలీ వచ్చింది. జాలీకి గేటు వచ్చింది. హద్దులు కనబడేలా ఒక మనిషి వచ్చి కీబోర్డు చుట్టూ, మౌసు చుట్టూ సున్నంతో గీతలు పోసి వెళ్లాడు. ఆ సున్నం ఫ్యాను పీల్చుకుంది. లోవరాజు సైకిలు పంపుతో దాన్ని ఊది ఊది తెల్లబడ్డాడు. ఆటగాడు కాలర్లేని బనీను, నిక్కరు, బూట్లు వేసుకోవాలన్నారు. నడివయసులో, నిక్కరులో, వీపు మీద అంకెతో కూర్చున్న భద్రాన్ని చూడ్డానికి వీధి వీధంతా వచ్చింది.

“ఒరే లోవా, ఇన్ని పడతన్నాను. పోటీలో మాత్రం ఆడనిస్తారు కదా?” అన్నాడు భద్రం.

“గుర్తింపు వచ్చేస్తే ఇంకెవడు ఆపుతాడురా?” అన్నాడు లోవరాజు. అతను ఆ ఆఫీసులోనే పనిచేస్తూ ఆ మాట అనగలిగాడంటే, స్నేహం మనిషి కళ్లు ఎంతగా కప్పేస్తుందో చూడండి.

*

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. ముఖ్య అతిథి వచ్చారు. ఎవరన్నది అప్రస్తుతం. ముఖ్య అతిథులందరూ ఒకేలా ఉంటారు. ఆయన పేరు చెక్కిన నల్లరాతి శిలాఫలకం ఆయనకన్నా ముందే ఆటోలో వచ్చింది. మైదానంలో ఎక్కడ పాతాలన్నది ప్రశ్న. గచ్చు తవ్వితే ఇల్లు కూలుతుందని సత్యవేణి గుమ్మానికి అడ్డం కూర్చుంది. అందుకని కంప్యూటరు క్యాబినెట్ పక్కనే నిలబెట్టి, మిగిలిపోయిన ఆ మరలతోనే బిగించేశారు. స్పేరు మరలు ఎందుకు మిగిలాయో లోవరాజుకి అప్పుడు తెలిసింది. రాయి సరిగ్గా గాలి కన్నాలన్నిటినీ కప్పుతూ కూర్చుంది.

“సార్, అక్కడ గాలి ఆడాలండి,” అన్నాడు లోవరాజు.

“పేరు కనబడాలి కదండీ,” అన్నారు త్రినాథరావు గారు.

ముఖ్య అతిథి మైదానంలో కొబ్బరికాయ కొట్టడానికి చెయ్యెత్తారు. లోవరాజు కంప్యూటరు మీద బోర్లా పడి దాన్ని కాపాడుకున్నాడు. కాయ గడప మీద పగిలింది. అతని భక్తికి ముఖ్య అతిథి ముచ్చటపడ్డారు. తరువాత ఆటగాళ్లని వరసలో నిలబెట్టి పరిచయం చేయాలి. ఆటగాడు ఒక్కడే. ఫోటోలో వరస కనబడాలని ఆయన భద్రంతోనే ముందుకి జరుగుతూ పదేపదే కరచాలనం చేశారు. ప్రతిసారీ “మీరెక్కణ్ణుంచి వచ్చారు?” అని అడిగారు. భద్రం ప్రతిసారీ “ఈ ఇంట్లోంచేనండి,” అని చెప్పాడు.

గుర్తింపు పత్రం చేతికొచ్చింది. పోటీకి భద్రం పేరు ఆమోదం పొందింది. జనం వెళ్లిపోయారు. భద్రం చేతులు రుద్దుకుంటూ కుర్చీవైపు నడవబోయాడు.

“ఆగబడండి,” అన్నారు కోదండపాణి గారు. ఆయన గేటు వేసి, పెద్ద తాళం వేశారు.

“ఇదేంటండి?” అన్నాడు లోవరాజు.

“మైదానం సంరక్షించబడుతోంది.”

“మరి ఆట?”

ఆయన లోవరాజు వైపు జాలిగా చూశారు. ఇన్నేళ్ల సర్వీసులో ఈ కుర్రాడు ఏం నేర్చుకున్నాడా అన్న బాధ ఆ చూపులో ఉంది.

“ఇంత శ్రమపడి తీర్చిదిద్దబడిన మైదానం ఆటగాళ్ల పాలు చేయబడుతుందా? వాళ్లు ఆడతారు. ఆడితే అరుగుతుంది. అరిగితే ఆడిటు వస్తుంది.”

“సార్, వచ్చే ఆదివారమే పోటీ. మన జిల్లా నుంచి ఎవరూ ఆడకపోతే ఎలాగండి?”

“ఆటగాడు రాకపోతే రాలేదని వ్రాయబడుతుంది. మైదానం పాడైతే ఏమని వ్రాయబడుతుంది?”

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. రాష్ట్రం ఒప్పుకున్నా జిల్లా ఒప్పుకోలేదు. ఆ సాయంత్రమే కాపలాకి మనిషిని కూడా వేశారు. పురపాలక మైదానం గేటు దగ్గర జుట్టు నెరిసిపోయిన సింహాచలాన్ని తీసుకొచ్చి భద్రం ఇంటి నడవలో స్టూలు వేసి కూర్చోబెట్టారు. ఎత్తయిన మనిషి, గుబురు మీసాలు, నడుముకి తాళంచెవుల గుత్తి. ఉత్తరపు జిల్లాల నుంచి ఎప్పుడో వలస వచ్చినవాడు. ఆ మైదానంలోకి ఆటగాడన్నవాణ్ణి రానివ్వలేదన్న మంచి పేరుంది అతనికి. భద్రం చిన్నప్పుడు అతని చేతికర్ర దెబ్బలు తిన్నవాడే.

భద్రం నడవలో కూర్చుని జాలీలోంచి కంప్యూటరుని చూసేవాడు. మళ్లీ ‘మనకెందుకులే’ మొదలుపెట్టాడు. ఈసారి సత్యవేణి జాకెట్లలో తప్పులు కూడా ఎంచలేదు. ఆవిడకి అదే ఎక్కువ భయం వేసింది. దరఖాస్తు రాసిన తన చేతిని చూసుకుంటే లోవరాజుకి అసహ్యం వేసింది.

*

ఆదివారం పొద్దున్న కోదండపాణి గారు రాజధానిలో ఉన్నారు. రాష్ట్రంలోకెల్లా ఏమాత్రం అరగని మైదానంగా భద్రం వీధిగదికి బహుమతి వచ్చింది. దాన్ని అందుకోవడానికి వెళ్లారు.

పోటీ వేళ దగ్గరపడుతోంది. లోవరాజు సింహాచలం ముందు నిలబడి తెలిసిన న్యాయమంతా మాట్లాడాడు. గుర్తింపు పత్రం చూపించాడు, సర్క్యులరు చదివాడు, చివరికి చేతులు జోడించాడు.

“నాకవన్నీ తెల్దు బాబూ. ఆటగాళ్లని రానీవద్దన్నారు. ఆయనేమో ఆటగాడు. నిక్కరు కూడా ఏసుకున్నాడు. ఎలాగ పంపమంటారు?” అన్నాడు సింహాచలం.

“ఇది వాడి ఇల్లు కదయ్యా!”

“ఇల్లయితే తాళం ఎందుకేస్తారు బాబూ?”

లోవరాజు నీరుగారిపోయాడు. వంటింట్లో సత్యవేణి కళ్లొత్తుకుంటోంది. నడవలో కూర్చున్న భద్రం కర్ర ఊతతో లేచాడు. కుంటుకుంటూ గేటు దాకా వెళ్లి జాలీ పట్టుకుని నిలబడ్డాడు. వాడు ఏదో అంటాడని, అరుస్తాడని లోవరాజు అనుకున్నాడు. వాడు తల గోక్కుంటూ, ఎప్పుడో నిక్కర్ల వయసులో అడిగినట్టే, మెల్లిగా అడిగాడు.

“మావా, బంతి లోపల పడింది.”

సింహాచలం మీసం కదలడం ఆగింది.

ఈ దేశంలో ఏ మైదానం దగ్గరైనా, ఏ గోడ దగ్గరైనా, ఏ కాపలావాడికైనా ఒక ధర్మం ఉంది. అది ఏ పుస్తకంలోనూ లేదు. ఆటగాణ్ణి ఆపొచ్చు, పెద్దమనిషిని ఆపొచ్చు, పొద్దున్నే నడవడానికొచ్చిన జడ్జిగారినైనా ఆపొచ్చు. బంతి పడిందని వచ్చినవాణ్ణి మాత్రం ఆపకూడదు. ఎందుకంటే వాడెలాగూ ఊరుకోడు. గోడ దూకుతాడు. సింహాచలం తన కొలువులో ఎన్ని వందలసార్లు ఆ మాట విన్నాడో, అన్నిసార్లూ గేటు తీశాడు. ఒక్కసారి మాత్రం, భద్రం గోడ దూకి శిలాఫలకం గొయ్యిలో పడ్డ రోజున, గేటుకి తాళం వేసి తను టీకి వెళ్లాడు. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు.

అతను లేచి తాళం తీశాడు.

“బేగి తెచ్చీసుకుని వచ్చీయాల. ఆడకూడదు.”

“ఆడను మావా.”

లోవరాజు కూడా వెనకాలే వెళ్లబోతే కర్ర అడ్డం పెట్టాడు. “ఒక బంతికి ఒక మనిసే బాబూ.”

దాంతో లోవరాజు గ్యాలరీలోకి, అంటే వంటింట్లోకి వెళ్లి సత్యవేణి పక్కన నిలబడి జాలీలోంచి చూశాడు. మానిటరు వెలిగింది. ఆట మొదలైంది. భద్రం తూర్పుకి వాలిన తెరకి సరిగ్గా తన మెడ వాల్చాడు. ఆ వాలులోనే కదా వాడు రోజుల తరబడి అలవాటుపడింది. వేళ్లు పరుగెత్తాయి.

“దొరికిందా?” అని కేకేశాడు సింహాచలం.

“బల్ల కిందికి పోయింది మావా.”

ఆట సగానికి వచ్చేసరికి లోపలి నుంచి ఫ్యాను ఏడుపు మొదలైంది. గాలాడక కంప్యూటరు కాగుతోంది. తెర మీద బొమ్మలు తడబడుతున్నాయి. ఇంకాసేపుంటే మొత్తం ఆగిపోతుంది. లోవరాజు ఒళ్లు మరిచిపోయాడు.

“రాయి తియ్యరా! రాయి!” అని గ్యాలరీలోంచి అరిచాడు. సత్యవేణి మిషను స్క్రూడ్రైవరు తీసి జాలీ సందులోంచి లోపలికి విసిరింది. ప్రేక్షకులు వస్తువులు విసరరాదన్న నిబంధన ఆ క్షణంలో ఆవిడకి గుర్తు రాలేదు. భద్రం ఒక చేత్తో ఆడుతూ, ఇంకో చేత్తో మరలు తిప్పాడు. శిలాఫలకం ఊడి గచ్చు మీద దబ్బున పడింది. కన్నాల్లోంచి వేడిగాలి బుస్సుమని బయటికొచ్చింది. ఫ్యాను నిమ్మళించింది. భద్రం కింద పడ్డ రాతిని బూటుతో దగ్గరికి లాక్కుని, చితికిన కాలు దాని మీద పెట్టుకుని, ఎత్తు సరిపోయిందని కాస్త సర్దుకున్నాడు. ఆ కాలికి శిలాఫలకాలు ఆ మాత్రం రుణపడి ఉన్నాయి.

“ఏటి సప్పుడు?” అన్నాడు సింహాచలం.

“బంతి గోడకి తగిలింది మావా.”

“దొరికిందా?”

“కనబడతంది. అందట్లేదు.”

సింహాచలం స్టూలు మీంచి లేచి జాలీ దగ్గరికి వచ్చాడు. చేతులు జాలీకి ఆనించి నిలబడ్డాడు. ఆ తుపాకుల ఆట అతనికి ఒక్క ముక్క అర్థం కాలేదు. కాని భద్రం భుజాలు తెలుసు. గాల్లోకి లేచేముందు బిగుసుకునే ఆ భుజాలు అతను మైదానం గేటు దగ్గర నిలబడి ఎన్నేళ్లు చూశాడో.

“అదుగో, ఎడంపక్కనుంచి వస్తన్నాడు, సూసుకో,” అన్నాడు గొణుగుతున్నట్టు. అన్నాక తనే ఉలిక్కిపడి చుట్టూ చూసుకున్నాడు.

భద్రం చూసుకున్నాడు. ఒక్కటి కొట్టాడు. తెర మీద వాడి పేరు పైకి లేచింది. జిల్లా పేరు కూడా దాని పక్కనే లేచింది. వాడు ఒంటికాలి మీద లేచి నిలబడి చెయ్యి పైకెత్తాడు. సత్యవేణి అరిచిన అరుపుకి పక్కింటివాళ్లు దొంగలు పడ్డారనుకున్నారు. లోవరాజు జాలీ పట్టుకుని ఏడ్చేశాడు, ఏ మొహమాటమూ లేకుండా.

“దొరికిందా భద్రం?” అన్నాడు సింహాచలం.

“దొరికింది మావా.”

భద్రం ఖాళీ చేతులతో బయటికొచ్చాడు. సింహాచలం ఆ చేతుల వైపు చూశాడు. గేటు వేసి తాళం బిగించాడు.

“ఈ పోటీలో ఇంకా చాలా ఆటలున్నాయి మావా. రోజూ పడుద్ది బంతి,” అన్నాడు భద్రం.

సింహాచలం నడుముకున్న గుత్తిలోంచి ఆ ఒక్క తాళంచెవీ విప్పి, గేటు పక్కన, భద్రం చేతికందే ఎత్తులో, మేకుకి తగిలించాడు.

“నాను టీకి ఎల్తాను. గోడ మాత్రం దూకకు నాయనా,” అన్నాడు.